రామప్ప గుడి ఎలా నిలబడింది? ఇటుక, ఇసుక, చెరువు

సంక్షిప్తంగా

ములుగు జిల్లా పాలంపేటలోని రామప్ప గుడి అసలు పేరు రుద్రేశ్వరాలయం. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో ఇక్కడ రుద్రేశ్వరుణ్ణి ప్రతిష్ఠించాడు. శిఖరంలో తేలికైన ఇటుక, అడుగున ఇసుక పునాది, మధ్యలో రెండు రకాల రాయి ఉన్నాయి. ఈ మూడూ కలిసి పనిచేస్తేనే కట్టడం నిలుస్తుంది. దారితప్పిన నీరు, పక్కన తవ్వకం, అతకని మరమ్మతు దీనికి అన్నిటికన్నా పెద్ద ముప్పు.

ప్రశ్న మళ్లీ ఎందుకు వచ్చింది

2024 డిసెంబర్ 4 ఉదయం ఏడున్నర ప్రాంతంలో ములుగు జిల్లాలో భూకంపం వచ్చింది. తీవ్రత 5.3. హైదరాబాద్‌లో కూడా జనం ఇళ్లలోంచి బయటికి పరుగెత్తారు. ఆ వెంటనే చాలామంది నోట వచ్చిన ప్రశ్న రామప్ప గుడి గురించే. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన గుడి అది. తెలంగాణకు దక్కిన మొదటి గుర్తింపు, దేశంలో 39వది.

ప్రశ్నతో పాటు పాత మాటలూ మళ్లీ తిరిగాయి. ఇసుక మీద కట్టారు కాబట్టి ఏ భూకంపమూ ఏమీ చేయలేదనేది ఒకటి. నీళ్లలో తేలే ఇటుకలతో గుడంతా కట్టారనేది మరొకటి. శిల్పి పేరు మీద వెలసిన ఏకైక గుడి అనేది ఇంకొకటి. వీటిలో దేనికీ ఆధారం బొత్తిగా లేదనలేం, కానీ ఏదీ పూర్తి నిజం కాదు. ఆ సగం నిజం వల్ల అసలు విషయం మరుగున పడుతోంది.

రుద్రేశ్వరుడా, రామప్పా?

గుడి ఆవరణలో చిన్న మండపం కింద ఒక శాసన స్తంభం ఉంది. నాలుగు ముఖాల మీదా అక్షరాలే, రెండు వందలకు పైగా పంక్తులు. భాష సంస్కృతం, లిపి ఆనాటి తెలుగు. ఇందులో దేవుని పేరు రుద్రేశ్వరుడు. శిల్పి పేరు ఎక్కడా లేదు. రామప్ప అనే స్థపతి పేరు మీదే గుడిని పిలుస్తున్నారన్నది తరతరాలుగా వస్తున్న జనశ్రుతి. స్వామిని రామలింగేశ్వరుడని పిలవడమూ ఊళ్లో వాడుకే. జనశ్రుతిని కొట్టిపారేయనక్కర్లేదు, శాసనానికి దాన్ని ఆపాదించనూ కూడదు.

రుద్ర అనే పేరే పెద్ద గందరగోళం. హనుమకొండ వేయిస్తంభాల గుడి కట్టించింది కాకతీయ రాజు రుద్రదేవుడు, 1163లో. పాలంపేట గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు రాజు కాదు, సేనాని. 1262 నుంచి ఏలిన రుద్రమదేవి, ఆమె తర్వాత 1323 వరకు ఏలిన ప్రతాపరుద్రుడు వేరు. దేవుణ్ణి ప్రతిష్ఠించినవాడి పేరుకు ఈశ్వర శబ్దం చేర్చి స్వామికి పెట్టడం ఆనాటి సంప్రదాయం. అందుకే హనుమకొండలోనూ రుద్రేశ్వరుడే, పాలంపేటలోనూ రుద్రేశ్వరుడే. ఇద్దరు రుద్రులు, రెండు గుళ్లు, మధ్య సరిగ్గా యాభై ఏళ్లు. పాలంపేట ఆవరణలోనే కాటేశ్వర, కామేశ్వర అనే ఉపాలయాలున్నాయి. రేచర్ల వంశావళిలో కాట, కామ అనే పేర్లు ఉన్నాయని గుర్తుంచుకుంటే వాటి వెనుక కథ కూడా అర్థమవుతుంది.

మార్కో పోలో ఈ గుడిని నక్షత్ర మండలంలోకెల్లా వెలుగులీనే తారగా కీర్తించాడని పర్యాటక పుస్తకాల్లో తరచూ కనిపిస్తుంది. ఆయన యాత్రా గ్రంథంలో మోటుపల్లి రాజ్యం ఉంది, దాన్ని ఏలిన రాణి ఉంది, వజ్రాలున్నాయి, సన్నని వస్త్రాలున్నాయి. రామప్ప గుడి లేదు. ఈ గుడి గొప్పతనం చెప్పడానికి ఆ మాట అవసరమూ లేదు.

1213: మొదలా, ముగింపా?

శాసనం చెప్పే తేదీ శక సంవత్సరం 1135, శ్రీముఖ, చైత్ర శుక్ల అష్టమి, ఆదివారం, పుష్యమి నక్షత్రం. ఏడాది మొదట్లో వచ్చే మాసం కాబట్టి శకానికి 78 కలిపితే క్రీస్తు శకం 1213 వస్తుంది. రోజు లెక్క వేస్తే మార్చి 31. ఆ రోజు నిజంగానే ఆదివారం. సంవత్సరం, తిథి, వారం, నక్షత్రం ఇలా ఒకదానికొకటి సరిపోయే శాసనాలను చరిత్రకారులు ఎక్కువగా నమ్ముతారు.

అయితే ఆ రోజు జరిగిందేమిటి? శాసనం చెప్పేది ప్రతిష్ఠ గురించి, దేవుడికి ఇచ్చిన గ్రామాల గురించి. దీన్ని కొందరు గుడి పూర్తయిన రోజుగా చెబుతారు. యునెస్కో పత్రం మాత్రం 1213లో నిర్మాణం మొదలై సుమారు 40 ఏళ్లు సాగి ఉంటుందని అంటుంది. ఆలయ నిర్మాణ క్రమం తెలిస్తే ఈ రెండింటికీ పెద్ద వైరం లేదు. గర్భాలయం సిద్ధమై లింగ ప్రతిష్ఠ జరిగితే పూజ మొదలవుతుంది. మండపాలు, ఉపాలయాలు, శిల్పాల చెక్కడం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగవచ్చు. రాతి గుళ్లలో చాలా పని రాళ్లు నిలబెట్టాకే చెక్కుతారు. కాబట్టి 1213ను ప్రతిష్ఠ సంవత్సరంగా చెప్పడమే క్షేమం.

రుద్రుడు ఇంతటి గుడి కట్టించగలగడం వెనుక ఒక రాజకీయ నేపథ్యం ఉంది. రుద్రదేవుని తమ్ముడు మహాదేవుడు దేవగిరి యాదవులతో యుద్ధంలో చనిపోయాడు. ఆయన కొడుకు గణపతిదేవుడు బందీగా చిక్కాడు. రాజు లేని ఆ కాలంలో రాజ్యం చేజారకుండా కాచినవాడు రేచర్ల రుద్రుడు. 1199లో గణపతిదేవుడు తిరిగివచ్చి సింహాసనం ఎక్కి, 1262 వరకు ఏలాడు. కాకతీయ రాజ్యభారాన్ని భుజాన మోసినవాడిగా శాసనం రుద్రుణ్ణి వర్ణించడానికి కారణం ఇదే.

గుడి ఒక్కటే కాదు: చెరువు, ఊరు

శాసనం ప్రకారం ఈ ప్రతిష్ఠ జరిగిన ఊరు రానకుడె సీమలోని ఆతుకూరు. ఆ పేరు వాడుకలోంచి జారిపోయింది. గుడికి దగ్గర్లో, కొండల మధ్య కట్ట వేసి నిలిపిన రామప్ప చెరువు మాత్రం ఇప్పటికీ పొలాలకు నీరిస్తోంది. కట్ట పొడవు దాదాపు రెండు వేల అడుగులు. రెండు వైపులా కొండలే దన్ను కాబట్టి మనిషి వేయాల్సిన మట్టి తగ్గింది. తూముల్లోంచి నీరు ఆయకట్టుకు పోతుంది, నిండితే మత్తడి దూకుతుంది. గణపతిదేవుని కాలపు పాకాల చెరువుకూ ఇదే ఏర్పాటు.

ఈ చెరువుని గుడికి అదనపు హంగుగా చూడటం పొరపాటు. దేవుడికి గ్రామం ఇచ్చారంటే ఆ గ్రామపు పంటలో రాజుకు రావాల్సిన భాగం గుడికి వెళ్తుంది. పంట పండాలంటే నీరు కావాలి. నిత్య దీపానికి నూనె, నైవేద్యానికి బియ్యం, అర్చకులకు, వాద్యకారులకు, నాట్యకత్తెలకు జీతం, అన్నీ ఆ పంటలోంచే. చెరువు గండిపడితే దీపం ఆరుతుంది. గుడి బాగుంటే చెరువు కట్ట చూసే ఆసామి ఉంటాడు. గుడి, చెరువు, ఊరు అన్న కాకతీయుల త్రయం ఒకదాన్నొకటి పోషించే లెక్క.

మతపరంగా ఇది శైవం వేళ్లూనుకున్న కాలం. తొలి కాకతీయుల దగ్గర కాలాముఖ శైవాచార్యులకు గౌరవం ఉండేది. గణపతిదేవుని కాలానికి గోళకీ మఠం అనే మరో శైవ శాఖ ప్రాబల్యం పెరిగింది. ఆ మఠాచార్యుడు విశ్వేశ్వర శివాచార్యులు రాజుకు దీక్షాగురువు. 1261 నాటి మల్కాపురం శాసనం ఆయనకిచ్చిన గ్రామాల ఆదాయాన్ని మూడు భాగాలు చేసింది. ఒకటి శివునికి, ఒకటి మఠానికి, విద్యార్థుల భోజనానికి, మూడోది ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రాలకు. పాలంపేట ప్రతిష్ఠ దీనికన్నా సుమారు యాభై ఏళ్లు ముందుది, కానీ కాకతీయ నేలలో శివాలయం అంటే ఏమిటో చెప్పడానికి ఇంతకన్నా స్పష్టమైన పత్రం దొరకదు. పూజ ఒక భాగం, దాని చుట్టూ బతుకు మిగతా భాగం.

వేయిస్తంభాల గుడి త్రికూటం. రుద్రుడు, వాసుదేవుడు, సూర్యుడు అనే ముగ్గురికి మూడు గర్భాలయాలు. రామప్ప ఏకకూటం. ఒకే గర్భాలయం, తూర్పు ముఖం, ముందు అంతరాళం అనే చిన్న గది, ఆపై మూడు ద్వారాల రంగమండపం. గర్భాలయం చుట్టూ లోపలి ప్రదక్షిణ మార్గం లేదు. నక్షత్రాకారంలో, ఆరడుగుల పైచిలుకు ఎత్తున్న ఉపపీఠమే ఆ పని చేస్తుంది. భక్తుడు దాని మీదుగా తిరుగుతుంటే గోడ అడుగున ఏనుగుల వరుస కంటికి ఆనుతూ సాగుతుంది. ఈ గుడిలో శిల్పం చూడటం, ప్రదక్షిణ చేయడం వేర్వేరు పనులు కావు. కాకతీయ రాజ్యం 1323లో కూలాక గుడి పూర్వవైభవం పోయినా నేడు ఇక్కడ నిత్యార్చన ఉంది, మహాశివరాత్రికి జనం పోటెత్తుతారు. పురావస్తు శాఖ సంరక్షణలో ఉంటూనే పూజ జరిగే గుడి ఇది. పరిరక్షణ పనిలో ఈ రెంటినీ కలిపి చూడక తప్పదు.

పైన తేలిక: ఇటుక ఎలా పనిచేస్తుంది

గుడంతా తేలే ఇటుక కాదు. గోడలు, స్తంభాలు, దూలాలు, కప్పు అన్నీ రాయే. ఇటుక ఉన్నది గర్భాలయం మీది శిఖరంలో మాత్రమే.

మామూలు ఇటుక సాంద్రత ఘనపు సెంటీమీటరుకు సుమారు 2.2 గ్రాములుగా లెక్కిస్తే, రామప్ప ఇటుకది 0.85 నుంచి 0.9. నీటి సాంద్రత 1 కాబట్టి ఇది తేలుతుంది. అంటే ఒక ఘనపు మీటరు కట్టుబడి 2,200 కిలోలు తూగాల్సిన చోట 850 నుంచి 900 కిలోలే తూగుతుంది. ఇంత తేలిక రావాలంటే లోపల ఖాళీలు ఉండాలి. బంకమట్టిలో ఊక, రంపపు పొట్టు లాంటి కాలిపోయే పదార్థం కలిపి కాలిస్తే అది బూడిదై సన్నని రంధ్రాలు మిగులుతాయి. ఎక్కువ కలిపితే ఇటుక చేతిలోనే పొడి అవుతుంది, తక్కువైతే తేలదు. వేడి చాలకపోతే మట్టి గట్టిపడదు, మరీ ఎక్కువైతే రంధ్రాలు మూసుకుపోయి ఇటుక కుంచించుకుపోతుంది. కష్టమంతా ఈ పాళ్లను, వేడిని కలిపి పట్టుకోవడంలో ఉంది.

ఈ తేలికదనం వల్ల రెండు లాభాలు. మొదటిది అందరూ చెప్పేదే. కింద రాతి గోడల మీద, పునాది మీద భారం తగ్గుతుంది. రెండోది అరుదుగా చెప్పేది, కానీ భూకంపం విషయంలో అసలు కీలకం అదే. నేల ఊగినప్పుడు కట్టడం మీద పడే అడ్డ బలం దాని బరువుకు తగ్గట్టు ఉంటుంది. ఆ బరువు ఎంత ఎత్తున ఉంటే కింది గోడల్ని అంతగా మెలితిప్పుతుంది. శిఖరం బరువు రెండున్నర రెట్లు తగ్గితే, ఎత్తున పుట్టే అడ్డ బలమూ అంతే తగ్గుతుంది. రామప్పను భూకంపం నుంచి కాసేది ఇసుకేనని అనుకునేవారు ముందు తల పైకెత్తి శిఖరం చూడాలి.

అదే 13వ శతాబ్దంలో, 1250 ప్రాంతంలో, కోణార్క గుడి మొత్తం రాతితో లేచింది. దాని మహాశిఖరం నేడు లేదు. ఎందుకు కూలిందన్న దాని మీద వాదనలు చాలా ఉన్నాయి గానీ, రాతి శిఖరం మోయించే భారం మాత్రం కాదనలేనిది. మిగిలిన జగమోహనం, అంటే ముందరి మండపం, కూలకుండా 1903లో లోపల ఇసుక నింపి ద్వారాలు మూశారు. రామప్ప స్థపతి ఇసుకను అడుగున పెట్టాడు, కోణార్కలో దాన్ని లోపల నింపాల్సి వచ్చింది.

ఇటుకకు ఒక బలహీనత ఉంది. ముక్కను నీటి పాత్రలో వేస్తే తేలుతుంది, ఎందుకంటే రంధ్రాల్లోకి నీరు ఇంకా చేరలేదు. నీరు ఇంకితే పరిస్థితి వేరు. ఘనపరిమాణంలో సగానికి పైగా ఖాళీ ఉన్న ఇటుక పూర్తిగా తడిస్తే బరువు ఒకటిన్నర రెట్లు దాటగలదు. పైపూత పగిలి వానాకాలమంతా శిఖరం తడుస్తూ ఉంటే తేలిక ఇటుక పెట్టిన ప్రయోజనమే పోతుంది. అందుకే శిఖరం మీది సున్నపు పూతకు అందం రెండో పని, నీటిని ఆపడం మొదటి పని.

అడుగున ఇసుక: చేయగలిగేది, చేయలేనిది

కాకతీయుల పెద్ద గుళ్లలో నేలను లోతుగా తవ్వి, ఆ గుంతను ఇసుకతో నింపి, దాని మీద రాతి పీఠం లేపే పద్ధతి కనిపిస్తుంది. వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని విప్పినప్పుడు ఈ ఏర్పాటును ఇంజనీర్లు కళ్లారా చూడగలిగారు. పాలంపేటలో ఇసుకలో సున్నం, బెల్లం, కరక్కాయ రసం కలిపారని చెబుతారు. బెల్లం, కరక్కాయ సున్నపు పనిలో పాత దినుసులే. నానబెట్టిన కరక్కాయ నీరు, బెల్లపు నీరు కలిపిన సున్నం నెమ్మదిగా గట్టిపడుతుంది, తక్కువ పగులుతుంది, ఇసుక రేణువుల్ని పట్టుకుంటుంది.

ఇసుక మీద ఇల్లు అంటే బలహీనతకు సామెతలా వాడతాం. తేడా ఎక్కడుందంటే, ఆ సామెతలోది చుట్టూ ఆసరా లేని ఇసుక. గుంతలో నలువైపులా గట్టి నేల పట్టి ఉంచితే ఇసుక పక్కకు జరగలేదు. బరువు పడ్డకొద్దీ రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. భారం ఒకే బిందువు మీద పడకుండా వెడల్పుగా పరచుకుంటుంది. నల్లరేగడి నేల తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఇసుక ఘనపరిమాణం తడికి అంతగా మారదు. చెరువు పక్కన, ఏటా వానలకు నేల తడిసి వేసవిలో ఎండే చోట గుడి కట్టేవాడికి ఈ ఒక్క గుణమే చాలు. ఇసుక పునాది ప్రధానంగా ఈ రోజువారీ నేల కదలికకు జవాబు. భూకంపానికి జవాబు అన్నది దాని తర్వాతి మాట.

భూకంపంలో రేణువుల మధ్య రాపిడి కొంత శక్తిని తినేస్తుంది, పీఠం కింద కొద్దిపాటి సర్దుబాటుకు చోటు దొరుకుతుంది. అయితే ఇది షరతులతో కూడిన మేలు. బాగా కూరిన ఇసుక అయి ఉండాలి. వదులుగా ఉన్న ఇసుక నిండా నీటిలో నాని ఉన్నప్పుడు గట్టిగా ఊపితే రేణువుల మధ్య పట్టు జారి కాసేపు ద్రవంలా ప్రవర్తిస్తుంది. అప్పుడు ఇసుకే ప్రమాదం. కాబట్టి ఇసుక ఉంది కాబట్టి భయం లేదన్న మాట నిర్లక్ష్యానికి దారి తీస్తుంది. ఇసుక కూర్పు చెదరకుండా, దాని చుట్టుపక్కల నేల తవ్వకుండా, భూగర్భ జలం అదుపు తప్పకుండా ఉన్నంత వరకే ఆ పునాది పునాది.

మధ్యలో రాయి: రెండు రకాలు, రెండు పనులు

గోడలు, బయటి కట్టుబడి ఎర్రని ఇసుకరాయి. రంగమండపం నడిమి స్తంభాలు, ద్వారబంధాలు, చూరు కింద నిలిచిన మదనికలు (స్త్రీమూర్తుల శిల్పాలు) డోలరైట్ అనే నల్లని గట్టి రాయి. ఇసుకరాయి తేలిగ్గా చెక్కుడు పడుతుంది, వానకూ గాలికీ తేలిగ్గానే అరుగుతుంది. డోలరైట్ ఉలిని ఎదిరిస్తుంది, కానీ ఒకసారి నునుపు చేస్తే శతాబ్దాలు ఆ మెరుపు నిలుపుకుంటుంది. హొయసలులు హళేబీడులో వాడింది కొత్తగా తవ్వినప్పుడు మెత్తగా ఉండి తర్వాత గట్టిపడే రాయి. అక్కడి సన్నపనితో రామప్ప పనిని పోల్చేటప్పుడు ఈ తేడా మరవకూడదు. ఇక్కడ అంతటి నాజూకు కఠినమైన రాతిలో వచ్చింది.

తూర్పు ద్వారం దగ్గర నిలబడి చూరు కిందికి చూస్తే ఒక్కో మదనిక నిలువెత్తు దేహం స్తంభం నుంచి వంపు తిరిగి చూరును మోస్తున్నట్టు కనిపిస్తుంది. ఒకామె పాదాలకు ఎత్తు మడమల పాదరక్షలున్నాయి. ఒంటి మీది నగ రాతికి అంటుకోకుండా కాస్త ఎడంగా చెక్కడం వల్ల ఎండ పడితే దాని నీడ చర్మం మీద పడుతుంది. లోపలి స్తంభాల మీద కొన్ని రంధ్రాలు దారం మాత్రమే దూరేంత సన్నం. రంగమండపం దూలాల మీద పురాణ ఘట్టాలు, నర్తకులు, మద్దెల వాయించేవారు ఉన్నారు. గణపతిదేవుని బావమరిది, గజసాధనిక (ఏనుగుల దళపతి) జాయప సేనాని 1253-54లో రాసిన నృత్తరత్నావళి అనే నాట్య గ్రంథంలోని పేరిణి నృత్య వర్ణనలను, ఈ శిల్పాల భంగిమలను పక్కపక్కన పెట్టి చూసి నాట్యాచార్యుడు నటరాజ రామకృష్ణ 20వ శతాబ్దంలో పేరిణి శివతాండవాన్ని మళ్లీ వేదిక ఎక్కించారు. మధ్యలో తెగిపోయిన నాట్యానికి రాయి పాఠ్యపుస్తకమైంది.

పొన్నచెట్టు మీది కృష్ణుడి శిల్పాన్ని మీటితే స్వరాలు పలుకుతాయని చూపించడం అలవాటుగా వస్తోంది. సన్నగా, విడిగా చెక్కిన గట్టి రాయి మోగడం సహజమే. కానీ రోజూ వందల వేళ్లు, నాణేలు తగిలితే అక్కడి చెక్కడం అరిగిపోతుంది. ఆ రాయిని తాకకుండా చూడటమే మేలు.

ఎక్కడ చెడుతుంది

రాతి గుడి సాధారణంగా ఒక్కరోజులో కూలదు, ముందు సూచనలు ఇస్తుంది. మొదటి సూచన దూలంలో పగులు. రాయి నొక్కుడును బాగా మోస్తుంది, సాగదీతను మోయలేదు. దూలం మీద భారం పడితే దాని అడుగు భాగం సాగుతుంది. రెండు చివర్ల స్తంభాల్లో ఒకటి కొద్దిగా కుంగినా ఆ సాగుడు పెరిగి సరిగ్గా మధ్యన, అడుగు వైపు పగులు పుడుతుంది. పగులు పైన కనిపిస్తున్నా రోగం కింద, పునాదిలో ఉంటుంది. పగుల్లో సిమెంటు కూరితే గుర్తు మాయమవుతుంది, కుంగుడు ఆగదు.

కుంగుడుకు మామూలు కారణం నీరే. కప్పు మీద పడిన వాన పీఠం అంచున చేరి, దారి లేక కిందికి ఇంకితే సన్నని ఇసుకను కొద్దికొద్దిగా మోసుకుపోతుంది. ఏటా చెంచాడు పోయినా వందేళ్లకు గుంత అవుతుంది. పక్కనే కాలువ, గుంత, బోరు తవ్వితే ఇసుకను పట్టి ఉంచే వైపు నేల వదులవుతుంది. శిఖరం సందుల్లో పక్షులు వేసిన రావి, మర్రి గింజలు మొలకెత్తితే వేళ్లు ఇటుకల మధ్య చీలికలా పనిచేస్తాయి. మొక్క పైభాగం కోస్తే వేరు మరింత లావెక్కుతుంది. వేరును చంపి, ఎండాక ఆ సందును సున్నంతో పూడ్చాలి.

మరమ్మతు చేసే తప్పు కూడా ఉంది. సున్నం తేమను పీల్చి వదులుతుంది, సిమెంటు బంధిస్తుంది. రంధ్రాల ఇటుక మీద సిమెంటు పూత వేస్తే లోపలి తడి బయటికి రాలేక, అందులోని ఉప్పు పేరుకుని ఇటుకను పొరలు పొరలుగా రాలుస్తుంది. రాళ్లను బిగించిన ఇనుప ముక్కలు తుప్పుపట్టితే ఉబ్బి రాతినే చీలుస్తాయి. తీసేసిన చోట తుప్పు పట్టని లోహం పెట్టాల్సిందే.

విప్పి కట్టడం ఎంత కష్టం

వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని పునర్నిర్మాణం కోసం 2006లో విప్పారు. మళ్లీ నిలబెట్టి ప్రారంభించింది 2024 మార్చిలో. రామప్ప ఆవరణలో శిథిలమైన కామేశ్వరాలయాన్ని 2010 ప్రాంతంలో విప్పి రాళ్లు పేర్చారు. అది కూడా ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. విప్పడానికి నెలలు, కట్టడానికి దశాబ్దం ఎందుకు?

ముందు ప్రతి వరస కొలతలతో గీయాలి, ఫొటోలు తీయాలి. ప్రతి రాయికీ వరస, వైపు, స్థానం తెలిపే అంకె వేయాలి. పై నుంచి కిందికి విప్పి, ఆ క్రమంలోనే నేల మీద పేర్చాలి. పాత ఇసుక తీసి, జల్లెడ పట్టిన ఇసుకను పలుచని పొరలుగా పోసి, ఒక్కో పొరనూ తడిపి కూరాలి. ఆపై అధిష్ఠానపు (గోడల కింది పీఠం) రాళ్లను మట్టం తప్పకుండా దించాలి. అక్కడ వెంట్రుక మందం తేడా వచ్చినా పైకప్పు దగ్గరికి వచ్చేసరికి దూలం స్తంభం మీద సరిగ్గా కూర్చోదు. రాళ్లు ఎండలో వానలో పడి ఉంటే వేసిన అంకెలు చెరిగిపోతాయి, అంచులు విరుగుతాయి. విరిగిన దూలం స్థానంలో అదే గనికి దగ్గరైన రాయి వెతకాలి, దాన్ని అలాగే చెక్కగల శిల్పి కావాలి. మధ్యలో డబ్బు ఆగితే, పని తెలిసిన మేస్త్రి వెళ్లిపోతే మొదటి అడుగు నుంచి మళ్లీ మొదలు. రామప్పలో ప్రధానాలయాన్ని విప్పాల్సిన స్థితి రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా చవకైన సంరక్షణ.

గుర్తింపు తర్వాత

పురావస్తు చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషేధం, ఆపై మరో 200 మీటర్ల వరకు అనుమతితోనే. ఈ దూరాలు ఇళ్లకూ దుకాణాలకూ సరిపోతాయి. పేలుళ్లకు సరిపోవు. దేవాదుల ఎత్తిపోతల సొరంగం పనుల సమయంలో, వెంకటాపూర్ ప్రాంతంలో బొగ్గు తవ్వకాల ప్రతిపాదన వచ్చినప్పుడు ఆందోళన వెల్లువెత్తింది ఇందుకే. గనుల భద్రతా నియమాలు చారిత్రక కట్టడం దగ్గర నేల కంపన వేగానికి హద్దులు పెట్టాయి: ఊగుడు 8 హెర్ట్జ్ (సెకనుకు 8 సార్లు) లోపు ఉంటే సెకనుకు 2 మిల్లీమీటర్లు, 8 నుంచి 25 మధ్య 5, అంతకు మించితే 10. నెమ్మది ఊగుడుకు హద్దు తక్కువ, ఎందుకంటే కట్టడం సహజంగా ఊగే తీరుకు అది దగ్గర. ఒక్క పేలుడు ఏమీ చేయకపోవచ్చు. హద్దు లోపలివే అయినా ఏళ్ల తరబడి రోజూ వచ్చే కంపనాలు పునాదిలో కూరిన ఇసుకను సర్దుతూ, ఒక స్తంభం కింద ఎక్కువ, మరోదాని కింద తక్కువ కుంగేలా చేస్తాయి.

పర్యాటకం పెరిగితే దారి, వాహనాల నిలుపుదల, మరుగుదొడ్లు, వాటి మురుగు వస్తాయి. వీటిలో ప్రతి ఒక్కటీ నేలను తవ్వేదే, నీటి దారిని మార్చేదే. ఇప్పుడు అక్కడ అడగాల్సిన ప్రశ్నలు చిన్నవి. పీఠం చుట్టూ వాన నీరు ఎటు పోతోంది? పగుళ్ల మీద కొలత బిళ్లలు అతికించి ప్రతి వానాకాలం ముందూ తర్వాతా రాసి పెడుతున్నారా? చెరువు నిండిన నెలల్లో ఆవరణలో భూగర్భ జలం ఎంత లోతున ఉంటోంది? శిఖరం పూతను చివరిసారి ఎప్పుడు తట్టి చూశారు? వీటికి అంకెల్లో జవాబు ఉన్నప్పుడే తర్వాతి భూకంపం నాడు గుడి ఎలా ఉందన్న ప్రశ్నకు ఎవరైనా నమ్మకంగా బదులివ్వగలరు.